చెరువులో సగం నీళ్ళు, కింద నాలుగొందల ఎకరాలు: ఒక ఎడగారు తగాదా కేస్ స్టడీ

నేను చదివింది ఫిలాసఫీ. చేసే పని మాత్రం చెరువు ఆయకట్టుల్లో నీటి తగాదాలు వచ్చినప్పుడు వెళ్ళి, రెండు వైపులా కూర్చోబెట్టి మాట్లాడించడం. చదువుకూ పనికీ పొత్తు కుదిరిన సందర్భాలు తక్కువ. ఈ కేసులో కుదిరింది కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఊరి పేరూ మనుషుల పేర్లూ చెప్పను.

ఊరు నెల్లూరు జిల్లా మెట్టలో ఉంది, ఉదయగిరి వైపు. సోమశిల కాలువలు అక్కడికి రావు. ఉన్నది వానచెరువు, దాని కింద సుమారు 400 ఎకరాల ఆయకట్టు. జిల్లాకు పడే వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాలదే. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టిందంటే చెరువు నిండి కలుజు పారుతుంది, లేకపోతే అడుగు కూడా తడవదు. పెద్ద పంట మార్చికల్లా కోతకొస్తుంది. అప్పటికి చెరువులో నీళ్ళు మిగిలి ఉంటేనే ఎడగారు (ఎండాకాలం వేసే రెండో పంట) గురించి మాట. పెన్నా డెల్టా రైతుకు ఎడగారు అంటే జిల్లా సాగునీటి సలహా మండలి కూర్చుని ఎన్ని ఎకరాలకు నీళ్ళిస్తారో చెప్పే వ్యవహారం. మెట్ట చెరువు కింద చెప్పేవాళ్ళెవరూ లేరు, ఊరే తేల్చుకోవాలి.

ఆ ఏడాది మార్చి ఆఖరుకు చెరువులో సగం నీళ్ళున్నాయి. అంటే సగం ఆయకట్టుకు సరిపోతాయనుకుంటే పొరపాటు. ఏప్రిల్, మే ఎండలకు ఆవిరయ్యేది పోను, కాలువలో ఇంకేది పోను, 180 ఎకరాల వరికి బొటాబొటిగా వస్తాయని నీటి సంఘం వాళ్ళ అంచనా. తూము దగ్గరి పొలాలు నల్లరేగడి, నీళ్ళు నిలుస్తాయి. అవి దాదాపు ఆ 180 ఎకరాలే. కాలువ చివరి 220 ఎకరాలూ ఇసుక కలిసిన నేల. అక్కడికి నీళ్ళు తీసుకెళ్ళడమే కష్టం, తీసుకెళ్ళినా నిలవవు. తూము దగ్గరివాళ్ళకు పది, పన్నెండు ఎకరాల కమతాలున్నాయి. చివరన ఉన్నవి 110 ఇళ్ళు, ఇంటికి సగటున రెండెకరాలు.

నన్ను పిలిచేటప్పటికే మాటలు మీరాయి. చివరి రైతుల్లో కొందరు రాత్రిళ్ళు తూము దగ్గర కాపలా పడుకుంటున్నారు, పైవాళ్ళు, అంటే తూము దగ్గరి రైతులు, వాళ్ళకు కాపలా పడుకుంటున్నారు.

సంఘం వేసిన లెక్క

సంఘం పెద్ద ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు. నేను వెళ్ళేసరికి ఆయన నోటుబుక్కులో లెక్క సిద్ధంగా ఉంది. నెల్లూరు కొలతలో పుట్టి అంటే 850 కిలోలు. తూము కింది 180 ఎకరాల్లోనే నాటితే ఎకరాకు మూడు పుట్ల చొప్పున 540 పుట్లు. అందరికీ వంతులేసి 400 ఎకరాలూ నాటితే పొట్ట దశలో తడి చాలదు, మహా అయితే ఎకరాకు పుట్టి రాలుతుంది, మొత్తం 400 పుట్లు. జూన్‌లో ఎండలు ముదిరితే అదీ రాదు. అందరూ వరి మానేసి మినుమో పెసరో వేసుకోవడం మూడో దారి. ఆరుతడి పైర్లకు నీళ్ళు సరిపోతాయి, కానీ ఆ రేగడిలో ఎండాకాలం మినుము వేయడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. దాంతో మూడో దారి మొదటి రోజే మూసుకుపోయింది.

"ఎక్కువ మంది మేలు చూడాలి గదా సార్! 540 పెద్దదా, 400 పెద్దదా?" అన్నారు మాస్టారు.

ఆయనకు తెలియకపోవచ్చు గానీ ఈ వాదనకు రెండున్నర శతాబ్దాల వంశవృక్షం ఉంది. ఇంగ్లండుకు చెందిన జెరిమీ బెంథామ్ 1789లో ప్రచురించిన పుస్తకంలో ఉపయోగితావాదానికి పునాది వేశాడు. ఒక పని మంచిదా చెడ్డదా అన్నది దానివల్ల కలిగే సుఖదుఃఖాల లెక్క మీద తేలాలన్నాడు. సుఖాన్ని కొలవడానికి ఏడు గుణాలు చెప్పాడు. ఎంత గాఢంగా ఉంటుంది, ఎంతకాలం ఉంటుంది, వస్తుందన్న నమ్మకమెంత, ఎంత త్వరగా వస్తుంది, దాని వెంట ఇంకో సుఖం వస్తుందా, కష్టం అంటుకుని వస్తుందా, చివరగా ఎంతమందికి చేరుతుంది. ఈ వాదాన్ని సాపుచేసిన జాన్ స్టూవర్ట్ మిల్ 1823 నుంచి 1858 దాకా లండన్‌లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. నెల్లూరు దగ్గర పెన్నాకు ఆనకట్ట పడిన 1850ల్లో ఈ జిల్లా ఆ కంపెనీ ఏలుబడిలోనే ఉంది. నీళ్ళ మీద రూపాయికి రూపాయి లెక్కగట్టిన దొరతనానికీ, ఆనందాన్ని లెక్కగట్టిన తత్త్వానికీ ఆఫీసు ఒకటే అన్నమాట. ఇది నా సరదా కొద్దీ చెప్పే మాట, కేసుకు సంబంధం లేదు.

మాస్టారి లెక్కలో కూడిక తప్పు లేదు. కానీ ఆయన కూడింది పుట్లు. బెంథామ్ కూడమన్నది సుఖం. పన్నెండెకరాల రైతుకు ముప్పై ఆరో పుట్టి ఇచ్చే ఊరటా, ఎకరం రైతుకు మొదటి పుట్టి ఇచ్చే ఊరటా ఒకటి కావు. డబ్బు పెరిగేకొద్దీ అదనపు రూపాయి తెచ్చే సుఖం తగ్గుతూ పోతుందని బెంథామే చెప్పాడు. అలా చూస్తే 540 వైపు మొగ్గు అంత ధీమాగా నిలవదు. చాలామంది ఉపయోగితావాదాన్ని "మెజారిటీ మాటే నెగ్గాలి" అన్న అర్థంలో వాడతారు. మెజారిటీ లెక్కే చూస్తే ఆ ఊళ్ళో చివరి ఇళ్ళే ఎక్కువ. మాస్టారు ఎక్కువ మంది అంటూ ఎక్కువ వడ్లు లెక్కపెట్టారు.

మొదటి మీటింగులో ఈ సంగతి నేను చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. చివరి పొలాల వైపు నుంచి వచ్చిన ఒక డిగ్రీ కుర్రాడు లేచి, "ఆ 540 పుట్లు ఎవరింట్లో ఉంటయ్ సార్? నాకా ఇల్లు చూపించండి" అన్నాడు. అమెరికా తత్త్వవేత్త జాన్ రాల్స్ 1971లో ఉపయోగితావాదం మీద వేసిన ప్రధాన ఆక్షేపణ సరిగ్గా ఇదే. ఒకే మనిషి ఇవాళ పస్తుండి రేపటికి దాచుకోవచ్చు, ఎందుకంటే రేపు తినేదీ తనే. ఒకరిని పస్తు పెట్టి మరొకరికి దాస్తే, రెండు కడుపులు ఒక కడుపు అయినట్టు లెక్క రాయడమే. కుర్రాడి మాటకు పైవాళ్ళు నవ్వారు, మాస్టారు నవ్వలేదు. మీటింగు అక్కడ మలుపు తిరిగింది.

లెక్కలోకి రానివాళ్ళు

ఇలాంటి కేసుల్లో నేను పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. ఏ దారి మంచిదో అడగక ముందు, ఈ నీళ్ళ మీద ఎవరెవరి బతుకు ఆనుకుని ఉందో ఊళ్ళో తిరిగి రాసుకుంటాను. ఉపయోగితావాదంలో నాకు నచ్చే భాగం కూడిక కాదు, ఇది. ఎవరి సుఖమైనా ఒక్కరి లెక్కే, ఎవరిదీ రెండు లెక్కలు కావన్న సూత్రాన్ని మిల్ బెంథామ్‌కే ఆపాదించాడు. దాన్ని గట్టిగా పట్టుకుంటే జాబితా నీటి సంఘం రిజిస్టరు దాటి పోతుంది. 1997 నాటి సాగునీటి సంఘాల చట్టం కింద ఏర్పడ్డ సంఘాల్లో ఓటు ఆయకట్టు భూమిని బట్టి వస్తుంది. భూమి లేనివాళ్ళు మీటింగుకు వస్తే కట్ట మీద నిలబడి వింటారు.

ఊళ్ళో నాట్లు వేసే ఆడవాళ్ళ ముఠాలు రెండున్నాయి. ఎడగారు ఎన్ని ఎకరాలైతే వాళ్ళకు అన్ని ఎకరాల పని. కానీ పైరైతుల్లో కొందరు బయటి ముఠాలకు గుత్తకిస్తున్నారు, ఎకరాకు కొంచెం తక్కువ పడుతుందని. గొర్రెల వాళ్ళకు చివరి పొలాలు బీడుగా ఉంటేనే మేలు. ఎండాకాలం మేతకు అదే ఆధారం, రాత్రి మంద కట్టినందుకు పొలం రైతు ఇచ్చేది అదనం. చెరువులో చేపలు పట్టే సొసైటీ వాళ్ళకు ఎవరు నాటినా నష్టమే. జూన్ దాకా నీళ్ళుంటే చేప ఎదుగుతుంది, తూము ఎత్తితే పిల్ల చేపలనే పట్టి అమ్ముకోవాలి. కట్ట కింద తాగునీటి బోర్లు చెరువు ఊట మీదే బతుకుతున్నాయి. ఇక కౌలుదార్లు. చివరి 220 ఎకరాల్లో కొంత భూమికి యజమానులు నెల్లూరులోనో హైదరాబాదులోనో ఉంటున్నారు.

వీళ్ళనంతా పిలిస్తే మీటింగు సంత అవుతుందని సంఘం వాళ్ళకు టెన్షన్. ముఠా మేస్త్రినీ, చేపల సొసైటీ నుంచి ఒకరినీ, గొర్రెల వాళ్ళ తరఫున ఒక పెద్దాయననూ కూర్చోబెట్టడానికి ఒప్పుకున్నారు. అది చాలు.

"మాకు అలవాటే"

కేసులో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది చివరి మడి పెద్దమ్మ. అరవై దాటిన మనిషి, ఎకరం పొలం, కొడుకు చెన్నైలో తాపీ పని. "ఈ ఏడు ఎడగారు లేకపోతే నీకెంత ఇబ్బంది పెద్దమ్మా?" అని అడిగాను.

"ఏం ఇబ్బంది నాయనా, మాకు అలవాటే. చివర మడికి నీళ్ళు ఎప్పుడొచ్చినయ్ గనక?" అంది.

అదే రోజు పైన పన్నెండెకరాల రైతు నా చెయ్యి పట్టుకుని, ఎడగారు పోతే బతకలేమని అరగంట చెప్పాడు. ఆయన నటించలేదు. ఆయనకు ట్రాక్టరు కిస్తీలున్నాయి, కూతురి ఇంజనీరింగు ఫీజుంది. ఇద్దరి మాటలనూ యథాతథంగా సుఖదుఃఖాల తూకంలో వేస్తే నీళ్ళు పైకే పోతాయి. ఎక్కువ బాధపడేవాడికి ఎక్కువ అన్నదే సూత్రమైతే, బాధపడటం మానుకున్నవాళ్ళకు ఏమీ మిగలదు.

అమర్త్యసేన్ 1980ల్లో చెప్పిన సంగతి ఇది. ఏళ్ళ తరబడి లేమిలో ఉన్నవాళ్ళు ఆశలను తగ్గించుకుని, దొరికిన దాంతో సర్దుకుని, చిన్న వాటికే సంతోషించడం నేర్చుకుంటారు. కాబట్టి "నువ్వు సంతోషంగా ఉన్నావా" అన్న ప్రశ్నకు వచ్చే జవాబును కొలతబద్దగా వాడితే వాళ్ళ లేమి కనబడకుండా పోతుంది. నాకు తెలిసి ఉపయోగితావాదం మీద వచ్చిన విమర్శల్లో ఊళ్ళో పనిచేసేవాడికి బాగా అక్కరకొచ్చేది ఇదే. రాల్స్ ప్రశ్న మీటింగులో ఎవరో ఒకరు లేచి అడుగుతారు. సేన్ ప్రశ్నను అడగాల్సినవాళ్ళే అడగరు.

అందుకని ప్రశ్న మార్చాను. ఇబ్బంది ఎంత అని కాకుండా, ఇంట్లో వడ్లు ఏ నెల దాకా వస్తాయి, ఆ తర్వాత బియ్యం యాడ నుంచి తెస్తారు, అప్పు ఎవరి దగ్గర, వడ్డీ ఎంత, పోయిన ఏడాది ఇంట్లోంచి ఎవరు వలస పోయారు అని ప్రతి ఇంటికీ అవే మాటలు అడిగాం. పెద్దమ్మ ఇంట్లో వడ్లు ఆగస్టు దాకా కూడా రావు. పన్నెండెకరాల ఆయన ఇంట్లో తిండిగింజల ఊసే సమస్య కాదు, కిస్తీలు సమస్య. రెండూ నిజమైన కష్టాలే. ఏది ముందు అన్నది మాత్రం ఆ కాగితం చూశాక ఎవరూ వాదించలేదు, ఆయనతో సహా.

ఒప్పందం ఎలా కుదిరింది

కుదిరిన ఒప్పందం సారాంశం ఇది. నాట్లు తూము కింది 180 ఎకరాల్లోనే. నాటిన ప్రతి ఎకరాకు అర పుట్టి చివరి రైతులకు. అంటే మొత్తం 90 పుట్లు, ఎకరాకు పంచితే సుమారు 350 కిలోలు. దుక్కి, నారు, ఎరువు ఖర్చేమీ లేకుండా వచ్చే 350 కిలోలు, ఖర్చంతా పెట్టి పండించే అరకొర పుట్టి కంటే మేలని చివరి రైతులే లెక్క వేసుకున్నారు.

గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకు పరిహారం ఇచ్చి కూడా లాభంలో ఉండగలిగితే ఆ మార్పు మంచిదేనని 1939లో కాల్డార్, హిక్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు వేర్వేరుగా వాదించారు. అందులో మెలిక ఏమిటంటే, పరిహారం ఇవ్వగలిగితే చాలు, ఇచ్చి తీరాలని లేదు. మన ప్రాజెక్టుల కింద ముంపు ఊళ్ళ చరిత్రంతా ఈ మెలికలోనే ఉంది. చివరి రైతులకు ఆ ఆర్థికవేత్తల పేర్లు తెలియవు గానీ మెలిక బాగా తెలుసు. కాబట్టి అర పుట్టి దగ్గర పేచీ రాలేదు. ఎప్పుడు, ఎక్కడ ఇస్తారన్న దగ్గర రెండు రోజులు పట్టింది.

మా వైపు ఇప్పుడు కళ్ళాలు లేవు. మిషన్ కోసిన పచ్చి వడ్లు గట్టు మీదనే లారీకి ఎక్కుతాయి. పైరైతులు అమ్మకం డబ్బులు రాగానే ఇంటికి తెచ్చిస్తామన్నారు. పెద్దమ్మ అప్పటిదాకా మాట్లాడలేదు. అప్పుడు అంది: "ఇంటికి తెచ్చిస్తే మీరు పెట్టినట్టుంటది. మా నీళ్ళకు మీరిచ్చేది లారీ కాటా కాడే కొలవండి." ఎన్ని కిలోలన్న దానికి ఆమె అడ్డం చెప్పలేదు. తన వంతు నీళ్ళు ఇంకొకరికి వదిలినందుకు వచ్చేది తన ఎదురుగా, తన పేరు మీద, అమ్మకానికి ముందే తూగాలి. ఈ షరతు వెనక ఉన్నదాన్ని కిలోల్లోకి మార్చి బెంథామ్ పట్టికలో వేయడం నా వల్ల కాలేదు. మిల్ 1861లో సుఖాల్లో పరిమాణమే కాదు, మేలు రకం తక్కువ రకం ఉన్నాయనీ, మనిషికి ఉండే ఆత్మగౌరవం అతని సుఖంలో భాగమేననీ రాశాడు. ఆ మాట వల్ల ఆయన వాదానికి అతుకు పడిందని విమర్శకులంటారు. పడితే పడింది. ఆ అతుకు లేని వాదంతో ఈ ఊళ్ళో ఒప్పందం కుదిరేది కాదు.

పంపకం దగ్గర ఇంకో చిక్కు. ఎకరాల లెక్కా, ఇళ్ళ లెక్కా? ఎకరాలైతే ఆరెకరాల ఇంటికి 2,100 కిలోల దాకా, పెద్దమ్మకు 350. ఇళ్ళ లెక్కయితే అందరికీ దాదాపు 700. చిన్న రైతులు ఇళ్ళన్నారు. ఎక్కువ ఎకరాలు బీడు పెట్టుకునేది మేమైతే సమాన వాటా ఎట్టా అని పెద్ద కమతాలవాళ్ళు అడిగారు, అదీ సబబే. చివరికి సగం ఇళ్ళ మీద, సగం ఎకరాల మీద అన్నారు. దాంతో ఎకరం ఇంటికి 520 కిలోలు, ఆరెకరాల ఇంటికి దాదాపు 1,400. ఏ సిద్ధాంతం ప్రకారం ఇది సరైన పాళ్ళో నేను చెప్పలేను. రెండు వైపులా కాస్త కాస్త గొణుక్కుంటూ లేచిపోయారు. నా అనుభవంలో అది మంచి గుర్తే.

కౌలు పొలాల వాటా పెద్ద పంట ఎవరు చేశారో వాళ్ళకే అని రాశారు. నెల్లూరులో ఉండే యజమాని ఒకాయన ఫోన్లోనే కేకలేశాడు. నాట్లు ముందు ఊరి ముఠాలకే ఇవ్వాలి, రేటు బయటి ముఠాతో సమానంగా ఉండాలి. ఇది మేస్త్రి పెట్టిన షరతు, తగువు లేకుండా ఒప్పుకున్నారు. మళ్ళీ ఇలాంటి సగం చెరువు ఏడాది వస్తే, అందరూ ఆరుతడి పైర్లకు దిగే దారిని ముందుగా చర్చించాలని కూడా రాశారు.

పంట తర్వాత

అనుకున్నట్టే అంతా జరగలేదు. జూన్‌లో ఇద్దరు పైరైతులు ఆయిల్ ఇంజన్లు పెట్టి అనుమతి లేని మడులకు కూడా నీళ్ళు తోడారు. ఆఖరి తడి రేగడిలో కొన్ని పొలాలకు అందలేదు, బోర్లున్నవాళ్ళ దగ్గర కొనుక్కున్నారు. కోతల సమయంలో ధర పడిపోయింది. నలుగురు రైతులు కాటా దగ్గర వడ్లు ఇవ్వకుండా తర్వాత డబ్బులిచ్చారు, అదీ తగ్గించి. మిగతావాళ్ళు ఒప్పుకున్నట్టే కొలిచారు.

ఆ తర్వాత ఇళ్ళకు వెళ్ళి మాట్లాడాను. "ఎట్టా ఉంది, సంతోషమేనా?" అంటే పైరైతులు ధర గురించి తిట్టారు. చేతికొచ్చింది తక్కువేం కాదు, కానీ అనుకున్న ధర పక్కన పెట్టి చూసుకుంటే తక్కువే. మిల్ ఇరవయ్యో ఏట, 1826లో, తను కోరిన సంస్కరణలన్నీ ఇప్పటికిప్పుడు నెరవేరితే సంతోషిస్తావా అని తన్ను తాను ప్రశ్నించుకుని, లేదన్న జవాబు వచ్చి కుంగిపోయాడు. సంతోషాన్నే గురిగా పెట్టుకున్నవాడికి అది చిక్కదనీ, వేరే పనిలో మునిగినవాడికి దారిలో తగులుతుందనీ తర్వాత రాసుకున్నాడు. అందుకే సూటి ప్రశ్నను నేను ఎక్కువసేపు పట్టుకోను.

అడగని ప్రశ్నకు వచ్చిన జవాబే పనికొచ్చింది. రెండు వైపులవాళ్ళూ చెప్పిన మాట ఒకటే: ఏప్రిల్ నుంచి తూము దగ్గర కాపలా పడుకోలేదు. ఎడగారు నాటిన ప్రతి ఏడూ రాత్రిళ్ళు కాలువ గట్టున టార్చిలైటుతో మగవాళ్ళు, ఇంట్లో నిద్రపట్టక ఆడవాళ్ళు. మాస్టారి నోటుబుక్కులో గానీ, నా జాబితాలో గానీ ఆ రాత్రులకు గడి లేదు. బెంథామ్ గుణాల్లో ఒకటి కష్టం అంటుకోని సుఖం. అప్పటిదాకా పండిన ప్రతి పుట్టికీ ఈ కాపలా అంటుకునే ఉంది. ఇప్పుడు ఏ ఊళ్ళో లెక్క మొదలుపెట్టినా, రాత్రి కాపలా ఎవరు, ఎన్ని నెలలు అన్నది నా కాగితంలో మొదటి వరసలోనే ఉంటుంది.

తేలకుండా మిగిలింది చేపల సొసైటీ గొడవ. వాళ్ళను కూర్చోబెట్టాం, విన్నాం, వాళ్ళ కోసం ఏమీ చేయలేదు. జూన్ మొదట్లోనే చేపల్ని పట్టేసి వచ్చిన కాడికి అమ్ముకున్నారు. తూము స్తంభం మీద రంగుతో ఒక గీత పెట్టాలని, నీళ్ళు ఆ గీతకు దిగగానే తూము మూసెయ్యాలని వాళ్ళ డిమాండ్. దానివల్ల తాగునీటి బోర్లకూ మేలు కాబట్టి పంచాయతీ వాళ్ళు మద్దతిస్తున్నారు. గీత పెట్టడానికి సంఘం ఒప్పుకుంది. ఎంత ఎత్తులో అన్న దగ్గర సొసైటీ నాలుగడుగులంటోంది, పైరైతులు రెండడుగులంటున్నారు. రాబోయే వానలకు ముందు ఇంకో మీటింగు పెట్టాలి, ఈసారి సొసైటీ వాళ్ళు తమ లెక్క తామే రాసుకుని తెస్తామన్నారు.